ముందే తెలిసిన దుఃఖము

చలనచిత్రమున నాయకుడు దగ్గెనా, చేతిరుమాలున నెత్తురు కనబడెనా, ఇక వాని యాయువు మూడినదని ప్రక్కనున్న పసివారును చెప్పగలరు. కారణము లేక వచ్చిపడు నట్టి చావునకు మాకు కన్నీరు రాదు.

1953వ సంవత్సరపు ‘దేవదాసు’ కథయు, 1917లో వెలువడిన శరచ్చంద్రుని నవల వలన, పలువు రెఱిగినదే. అయినను, తుదిని ఆ బండి పార్వతి యూరి దారి పట్టగానే మా గుండె దడదడలాడును. ఏలన, ఆ రోగమును త్రాగుడు తెచ్చినది; ఆ త్రాగుడును, తండ్రికి వెఱచి పార్వతిని విడిచిన పిఱికితనము తెచ్చినది. భవభూతి ‘ఉత్తరరామచరిత’మున సీతను రాముడు విడుచునని యెఱిగియే కదా, వారిరువురు చిత్రపటములు చూచు ఘట్టమున మన కన్నులు చెమ్మగిల్లుట!

ఇంతకును మాకు దేవదాసుకంటె పార్వతిపైననే జాలి మెండు. తన గుమ్మముకడనే వాడు ప్రాణము విడిచినను, ఇంటనుండియు నామె కడచూపునకైనను నోచుకొనదయ్యెను.