ఫార్మాట్ కొట్టే ముందు

పవర్ బటన్ నొక్కిన క్షణాన కంప్యూటర్‌కు విండోస్ తెలియదు, లినక్స్ తెలియదు. ర్యామ్‌లో పనికొచ్చేది ఏదీ ఉండదు. మొదటి ఆదేశం ఏ అడ్రస్‌లో దొరుకుతుందో అదొక్కటే ప్రాసెసర్‌కు తెలుసు. అక్కడ మొదలైన చిన్న ప్రోగ్రామ్ తనకంటే పెద్దదాన్ని లేపుతుంది, అది ఇంకా పెద్దదాన్ని. ఆ వరుసలో ‘ఏ సిస్టమ్ కావాలి?’ అని మనిషిని అడిగే మజిలీయే బూట్ మెనూ.

1975లో అమెరికాలో వచ్చిన ఆల్టెయిర్ 8800కు ఈ పని మనిషి వేళ్లతోనే జరిగేది. ముందు పలక మీది స్విచ్‌లను పైకీ కిందికీ వేస్తూ ఒక్కో బైటునూ మెమరీలోకి ఎక్కించాలి. ఆ చిన్న ప్రోగ్రామ్ సిద్ధమయ్యాకే పేపర్ టేపు మీది అసలు ప్రోగ్రామ్‌ను యంత్రం చదువుకోగలిగేది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఆ శ్రమ లేదు. మొదటి అడుగులన్నీ బయోస్ అనే పేరుతో ఒక చిప్‌లో ఉండేవి. ఫ్లాపీ ఉంటే దాన్ని చదివేది, లేకపోతే చిప్‌లలోనే ఉన్న బేసిక్ భాషలోకి వెళ్లేది. ఎంచుకోవడానికి ఏమీ లేదు గనుక మెనూ అవసరమే రాలేదు.

హార్డ్ డిస్క్‌తో ఆ అవసరం పుట్టింది. 1983లో పీసీ ఎక్స్‌టీ, డాస్ 2.0 కలిసి వచ్చాయి. డిస్క్‌ను భాగాలుగా, అంటే పార్టిషన్లుగా, విడగొట్టే పద్ధతీ వాటితోనే వచ్చింది. డిస్క్ మొదట్లో 512 బైట్ల చిన్న చోటుంటుంది, దాన్నే ఎంబీఆర్ అంటారు. అందులో 446 బైట్లు ప్రోగ్రామ్‌కి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి 2 బైట్లు గుర్తుకి. ఆ పట్టికలో నాలుగు వరుసలకు మించి పట్టవు. ఇంత ఇరుకైన చోటు మీద పీసీ ప్రపంచం పాతికేళ్లకు పైగా నడిచిందంటే నిజంగా ఆశ్చర్యమే.

ఇరుకు చోటుకు తగ్గట్టే తంటాలూ వచ్చాయి. లినక్స్ ఉన్న మెషీన్‌లో విండోస్ ఎక్కిస్తే, అది ఎంబీఆర్‌లో తన ప్రోగ్రామ్‌ను రాసేసుకునేది. మర్నాడు మెనూ ఉండదు, లినక్స్ పోయిందని యజమాని దిగులు పడతాడు. నిజానికి లినక్స్ తన పార్టిషన్‌లో భద్రంగా ఉంటుంది, అక్కడికి వెళ్లే దారి మాత్రమే చెరిగిపోయింది. లినక్స్‌ను లేపే పాత బూట్ లోడర్ ‘లైలో’ తాను ఎక్కడ ఆగిందో చెప్పడంలో చాలా నిజాయితీగా ఉండేది. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా తన పేరులోని ఒక్కో అక్షరాన్ని తెర మీద వేసేది. ‘ఎల్, ఐ’ దగ్గర ఆగిందంటే రెండో మెట్టు ప్రోగ్రామ్ మెమరీలోకి వచ్చింది గానీ నడవలేదని అర్థం. తప్పు ఎక్కడుందో అక్షరాలే చెప్పేవి. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఫైల్ సిస్టమ్‌ను తానే చదవగలదు కాబట్టి, మెనూలో తప్పుంటే అక్కడికక్కడే ‘ఈ’ కీ నొక్కి ఆ ఒక్కసారికి సరిదిద్దుకోవచ్చు.

విండోస్ ఎక్స్‌పీలో అంత సాయం దొరికేది కాదు. దాని మెనూ అంతా బూట్ డాట్ ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఉండేది, విండోస్ ఎన్నవ పార్టిషన్‌లో ఉందో అంకె వేసి మరీ. కొత్త పార్టిషన్ చేస్తే ఒక్కోసారి ఆ వరుస మారిపోయేది. అప్పుడు తెర మీద ‘హాల్ డాట్ డీఎల్ఎల్ లేదు, లేదా పాడైంది’ అని వచ్చేది. ఫైలు ఉన్నచోటే ఉంది, తప్పు అంకెది. ఆ ఒక్క అంకె దిద్దితే సరిపోయే చోట డిస్క్ మొత్తం తుడిచేయడం ఎంత అన్యాయం!

ఇంటెల్ తన ఐటానియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ పద్ధతి 2005 తర్వాత యూఈఎఫ్ఐగా పీసీలకూ చేరింది. ఇప్పుడు బూట్ లోడర్ ఉండేది డిస్క్‌లోని చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో. ఏది ముందు, ఏది వెనక అన్న జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. అందుకే యూఈఎఫ్ఐ పద్ధతిలో ఎక్కించిన విండోస్, మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో ‘లెగసీ’ (పాత బయోస్ పద్ధతి) పెట్టగానే మాయమైనట్టు కనిపిస్తుంది. డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయినా కొన్నిసార్లు సెట్టింగ్స్ మొదటికి వచ్చి ఇదే చిక్కు తెస్తాయి. తేదీ కూడా వెనక్కి పోయి ఉంటే ముందు ఆ బ్యాటరీనే అనుమానించాలి.

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ విస్తరించింది. డిజిటల్ సంతకం సరిపోని లోడర్‌ను అది నడవనివ్వదు. 2020లో గ్రబ్ తన కాన్ఫిగరేషన్ ఫైలును చదివే తీరులోనే బూట్‌హోల్ అనే లోపం బయటపడింది కాబట్టి, ఈ కాపలా అక్కర్లేదనడానికి లేదు. అయితే 2024 ఆగస్టులో పాత, లోపాలున్న లోడర్లను ఆపడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్, రెండు సిస్టమ్‌లున్న కొన్ని మెషీన్లలో లినక్స్‌ను కూడా ఆపేసింది. అప్పుడు కూడా ఫైళ్లకేమీ కాలేదు.

కాబట్టి మెషీన్ లేవనప్పుడు మొదట సెటప్ తెరలోకి వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందా చూడాలి. కనిపించకపోతే కేబుల్, డిస్క్, స్టోరేజ్ సెట్టింగ్ సంగతి తేల్చుకోవాలి. కనిపిస్తే బూట్ వరుస, లెగసీ–యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ చూడాలి. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే వాటిని ముట్టుకునే ముందే రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలి. తర్వాత లైవ్ యూఎస్‌బీతో (యూఎస్‌బీ నుంచే నడిచే సిస్టమ్‌తో) ఫైళ్లు తెరిచి కాపీ తీసుకోవాలి. బూట్ లోడర్ మరమ్మతు ఆ తర్వాతే. షాపులో ఎవరైనా నేరుగా ఫార్మాట్ కొడతామంటే, ముందు డేటా కాపీ తీయమని గట్టిగా అడగండి.