గదిలో పుట్టిన పాట

పాట రికార్డు కావాలంటే హైదరాబాద్ పోవాలి, స్టూడియోకు గంటల లెక్కన డబ్బు కట్టాలి అని మనలో చాలామంది అనుకుంటాం. కానీ 2006-07 చలికాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జస్టిన్ వెర్నన్ అనే యువకుడు, అడవిలో తండ్రికున్న చెక్క ఇంట్లో ఒంటరిగా ఉండి పాటలు రికార్డు చేశాడు. గిటారు, మైకు, కంప్యూటర్ ఉన్నాయి. 'బోన్ ఈవేర్' పేరుతో 2007లో తానే విడుదల చేసుకున్న ఆ తొలి ఆల్బమ్ 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో'. 2008లో ఒక కంపెనీ దాన్ని మళ్లీ విడుదల చేశాక లోకమంతా విన్నది.

వింటే పదిమంది పాడినట్టుంటుంది. ఎక్కువగా ఉన్నది ఆయన గొంతే. ఒకసారి పాడి, దాన్ని వింటూ దాని మీదే మళ్లీ మళ్లీ పాడాడు. మన ఒగ్గుకథలో కథకునికి వంతపాట అందుకుంటారు కదా, ఈయన తన వంత తానే పాడుకున్నాడన్నమాట. (ఒగ్గుకథ విన్న చెవులకు ఇది కాస్త ఒంటరి పాటే!)

జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు తెలిసిన అవ్వలున్నారు. వాటిలో చాలా పాటలు కాయితం మీద లేవు. అవ్వతోపాటే పోతాయి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, ఒప్పుకుంటే ఫోనులోనే రికార్డు చేద్దాం. ఖాళీ గోడలకు గొంతు తగిలి మోగుతుంది కనుక బొంతలు వేలాడదీయాలి. ఫ్యాను ఆపాలి. ఫోను నోటికి జానెడు దూరంలో, ఊపిరి తగలకుండా కొంచెం పక్కకు పెట్టాలి. మొదట అవ్వ పేరు, ఊరు, ఆ పాట ఏ పనిలో పాడేదో ఆమెతోనే చెప్పించాలి.