శనివారం రాత్రి.. మా డాబా మీద అనకొండ!

భయపెట్టలేని హారర్ సినిమాలంటే నాకు పిచ్చి. రబ్బరు మొసళ్లు, గాల్లో ఎగిరే షార్కులు, ముందు చచ్చేదెవరో పది నిమిషాల్లోనే తెలిసిపోయే కథలు. ఇవి ఒక్కడినే చూస్తే టైం వేస్ట్. పదిమందితో చూస్తే పండగే! అందుకే ఏడాదిన్నరగా ప్రతి నెలా రెండో శనివారం, మియాపూర్‌లో మేం అద్దెకున్న బిల్డింగ్ డాబా మీద షో వేస్తున్నా.

సెటప్ ఏం లేదు. సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్, తెల్ల దుప్పటి, బ్లూటూత్ స్పీకర్, వీధి చివర బండి నుంచి మిర్చి బజ్జీలు. దుప్పటి అంచుకి రెండు ఇటుకలు కట్టాలి. లేదంటే గాలికి హీరోయిన్ మొహం కూడా రాక్షసిలా ఊగుతుంది.

అసలు సంగతంతా సినిమా ఎంపికలో ఉంది. చెత్తవన్నీ పనికిరావు. 'షార్క్‌నాడో' (2013) ఒకసారి వేశా. సుడిగాలిలో షార్కులు కొట్టుకొచ్చి జనం మీద పడతాయి. వినడానికి సూపర్. కానీ ఆ సినిమాకి తనో జోక్ అని ముందే తెలుసు. అరగంట తర్వాత అందరూ ఫోన్లు తీశారు.

'అనకొండ' (1997) అలా కాదు. అది చాలా సీరియస్! జెన్నిఫర్ లోపెజ్, ఐస్ క్యూబ్ అమెజాన్ నదిలో పడవెక్కి నిజంగానే వణికిపోతుంటారు. ఒక షాట్‌లో వెనకున్న జలపాతం కింది నుంచి పైకి పోతుంది, సీన్‌ని రివర్స్‌లో వాడేశారు మరి. పాము మింగేసిన జాన్ వాయిట్‌ని మళ్లీ బయటికి కక్కితే, ఆయన కన్ను కొడతాడు చూడండీ... మా డాబా మీద విజిల్సే విజిల్స్. చిన్నప్పుడు ఇదే సినిమా తెలుగు డబ్బింగ్‌లో చూసి బాత్రూమ్‌కి వెళ్లడానికి భయపడ్డ బ్యాచ్ మాది.

ఆ రాత్రే మా గ్యాంగ్‌లో ఒకడు నాలుగు నెలల తర్వాత కనిపించాడు. జాబ్ పోయాక ఫోన్ ఎత్తడం మానేశాడు. 'ఎలా ఉన్నావ్ మామా' అంటే చాలు, మెసేజ్ చూసి వదిలేసేవాడు. ఈసారి అవేం అడగలేదు. 'పాము సినిమా, తొమ్మిదింటికి' అని మాత్రం పెట్టా. వచ్చి వెనక ట్యాంకు పక్కన కూర్చున్నాడు. కన్ను కొట్టే సీన్ దగ్గర అందరికంటే గట్టిగా నవ్వింది వాడే. ఇంటర్వ్యూల సంగతి ఆ తర్వాత, దుప్పటి మడతపెడుతూ వాడే చెప్పాడు.

హోస్ట్‌గా నా పని మూడు నిమిషాల ముందుమాట. ఇదేం కొత్త కాదు. 1954లోనే లాస్ ఏంజిలిస్ టీవీలో 'వాంపైరా' వేషం వేసుకున్న మైలా నుర్మీ, అర్ధరాత్రి పాత హారర్ సినిమాలకి ఇలాగే పరిచయం చెప్పేది. నేను వేషం వెయ్యను, కబుర్లు చెప్తా. ఉదాహరణకి 'జాస్' (1975)లో షార్క్ చాలాసేపటి దాకా కనపడదు. కారణం? ఉప్పునీళ్లలో దిగిన మెకానికల్ షార్క్ మాటిమాటికీ మొరాయించడమే. స్పీల్‌బర్గ్‌కి దాన్ని దాచక తప్పలేదు, మనకి భయం రెట్టింపైంది.

మా గోలకి ఓ రాత్రి ఓనర్ ఆంటీ పైకొచ్చారు. షో క్లోజ్ అనుకున్నా. తెర మీద 'పున్నమి నాగు' (1980) నడుస్తోంది. పాములవాడైన తండ్రి చిన్నప్పట్నుంచీ విషం తినిపించి పెంచిన కొడుకు, పున్నమి వస్తే మారిపోతాడు. ఆ కుర్రాడు చిరంజీవి! 'ఇది థియేటర్లో చూశా బాబూ' అంటూ ఆంటీ కుర్చీ లాక్కున్నారు. నవ్వుదామని వేసిన సినిమాకి, చర్మం ఊడే సీన్లో ఎవ్వరం నవ్వలేదు. చిరంజీవి అంత భయపెట్టాడు.

అప్పట్నుంచి సౌండ్ పదకొండింటి దాకానే అని ఆంటీ రూల్ పెట్టారు. కాబట్టి గంటన్నర దాటిన సినిమా పెట్టను. 'ట్రెమర్స్' (1990) ఆరు నిమిషాలు ఎక్కువ. అందుకే వచ్చే నెల ఎనిమిదిన్నరకే మొదలు. భూమిలోంచి పురుగులొస్తాయి, చెప్పులు విప్పి కూర్చోవద్దని గ్రూపులో పెట్టేశా. బజ్జీలు తెచ్చే డ్యూటీ ట్యాంకు పక్కన కూర్చున్నవాడిది.