మంచుకన్న ముందు టికెట్టు

చదువుకోసం గురుగ్రామ్ చేరిన తెలుగు విద్యార్థికి స్కీయింగ్ ఇప్పుడు రెండు రైళ్ళ దూరం. సాయంత్రం న్యూఢిల్లీలో శ్రీశక్తి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటి ఉదయానికి కట్రా. అక్కడ 2025 జూన్‌లో మొదలైన వందేభారత్, చీనాబ్ నదిపై 359 మీటర్ల ఎత్తున ఉన్న వంతెన దాటి, సుమారు మూడు గంటలలో శ్రీనగర్ చేరుస్తుంది. ఆపైన గుల్మార్గ్‌కు యాభై కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం.

చిక్కల్లా తేదీతోనే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. సెలవుల రద్దీలో ఆలస్యం చేస్తే బెర్తు దక్కదు. మంచు కురిసేదీ లేనిదీ మాత్రం వారం ముందు గాని తెలియదు. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే మేఘాల దయ అది! డిసెంబరు 21న ప్రవేశించే నలభై రోజుల ‘చిల్లై కలాన్’లో కురిసిన మంచే నిలుస్తుందని కాశ్మీరీల లెక్క. ఆ లెక్కా ఈమధ్య తప్పుతున్నది. 2024లో జనవరి నెలాఖరుకు గాని గుల్మార్గ్‌లో చెప్పుకోదగ్గ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు సైతం మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి.

డిసెంబరులో గండోలా ఎక్కి అఫర్వత్ శిఖరం చేరువకు వెళితే కొంత మంచు దొరకవచ్చు. కాని ఆ నిట్రవాలు ఆరితేరినవారిది. నేర్చుకునేవారికి కింది మైదానమే శరణ్యం. అందుచేత తొలిసారి వెళ్ళేవారు సంక్రాంతి దాటనిచ్చి, ఫిబ్రవరికి టికెట్టు కొనడం మేలు. డిసెంబరు సెలవులు తప్ప వేరే వీలు లేనివారు రైలు టికెట్టు ముందే కొని, బస, శిక్షణల బయానా మాత్రం చివరి వారం దాకా ఆపుకోవాలి. మంచు పడకపోతే రద్దు రుసుముతో సరిపోతుంది.