చుక్కాని పట్టే యంత్రం మొరాయిస్తే?

తెరచాప పడవలో ఒంటరిగా సముద్రం మీదికి వెళ్ళిన మనిషి నిద్రపోయేదెప్పుడు? చుక్కాని వదిలితే కొద్దిసేపట్లోనే పడవ దారి తప్పుతుంది. 2012 నవంబరులో ముంబాయి నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టి 2013లో తిరిగివచ్చిన భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ వంటి ఒంటరి నావికులకు ఈ సమస్య బాగా తెలుసు. చిన్న పడవల్లో దీనికి పరిష్కారంగా వాడే పరికరమే టిల్లర్ పైలట్.

ఇక్కడ టిల్లర్ అంటే పొలం దున్నే యంత్రం కాదు. చుక్కానిని తిప్పే పొడవాటి పిడి. పిడిని ఎడమకు తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. టిల్లర్ పైలట్‌లోని ఒక కడ్డీ ఈ పిడిని తోస్తూ, లాగుతూ ఉంటుంది.

మూడు పనులు

ఈ పరికరం చేసే పనులు మూడు. ఒకటి, దిశను తెలుసుకోవడం. లోపలి ఎలక్ట్రానిక్ దిక్సూచిలో తేలికగా అయస్కాంతీకరణం చెందే లోహం చుట్టూ తీగచుట్టలుంటాయి. భూమి అయస్కాంత క్షేత్రం వాటిలో కలిగించే విద్యుత్ సంకేతాలను బట్టి పడవ దిశ తెలుస్తుంది. రెండు, ఆ దిశను మనం కోరిన దిశతో పోల్చి తేడా లెక్కించడం. మూడు, ఆ తేడా తగ్గేలా మోటారుతో కడ్డీని కదిలించడం. పడవ తిరగగానే దిక్సూచి మళ్ళీ చూస్తుంది. ఈ వలయంలో ఏ మెలిక తెగినా పడవ దారి తప్పుతుంది. కనుక లోపాన్ని వెతకవలసింది ఈ వరుసలోనే.

లోపం ఎక్కడ?

కడ్డీ కదలబోయి ఆగిపోతున్నదా? ముందుగా విద్యుత్తును అనుమానించాలి. ఉప్పుగాలికి ప్లగ్గులో చిలుము పట్టి 0.5 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. మోటారు 3 ఆంపియర్లు తీసుకుంటే, ఓమ్ నియమం ప్రకారం అక్కడే 1.5 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులున్నా మోటారుకు అందేది 10.7 మాత్రమే. మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఈ నష్టం కనిపించదు. అది పనిచేస్తుండగానే, ప్లగ్గు దగ్గర కొలవాలి.

కడ్డీ చక్కగా కదులుతున్నా పడవ వేరే దిక్కుకు పోతున్నదా? పరికరం పక్కన ఇనుప పనిముట్టు గాని, అయస్కాంతం ఉండే లౌడ్‌స్పీకరు గాని ఉన్నదేమో చూడాలి. దాన్ని దూరంగా తీస్తే చాలు.

మోటారు శబ్దం వస్తున్నా కడ్డీ కదలడం లేదా? లోపలి బెల్టో, పళ్ళచక్రమో జారుతూ ఉండవచ్చు. దీనికి మాత్రం పరికరాన్ని విప్పక తప్పదు.

పడవ పాములా మెలికలు తిరుగుతున్నదా? చిన్న తేడాకే పరికరం పెద్దగా స్పందిస్తున్నదన్నమాట. ఆ స్పందనను తగ్గించుకునే అమరిక ఉంటుంది. మంచి సరంగు ఇప్పటి తేడాను మాత్రమే చూడడు. అది ఎంత వేగంగా మారుతున్నదో, ఎంతసేపటినుంచి ఉన్నదో కూడా గమనిస్తాడు. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నికొలాస్ మినోర్‌స్కీ 1922లో ఈ నేర్పును గణిత సమీకరణంగా రాశాడు. కర్మాగారాల్లో ఉష్ణోగ్రతను అదుపుచేసే పరికరాలూ నేడు ఆ సూత్రాన్నే వాడుతున్నాయి.

తప్పు యంత్రానిదేనా?

పరికరాన్ని పిడినుంచి విడదీసి, మీటను నొక్కి దిశను 10 డిగ్రీలు మార్చి చూడాలి. కడ్డీ ఇబ్బంది లేకుండా కదిలితే, లోపం పడవలోనే ఉండవచ్చు. గాలికి మించిన తెరచాప విప్పి ఉంటే పడవ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. మోటారు దానితో పోరాడి అలసిపోతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది. అప్పుడు కావలసింది మరమ్మతు కాదు. తెరచాపను కొంత తగ్గించడం.

అన్నీ సరిగా ఉన్నా ఒక పరిమితి మిగులుతుంది. ఈ పరికరానికి దిశ తెలుసు గాని దారిలో ఏమున్నదో తెలియదు. ఎదురుగా ఓడ వస్తున్నా అది నేరుగానే పోతుంది. కనుక చుక్కాని పని యంత్రానికి అప్పగించినా, కావలి పని మనిషిదే.