గురక, గాలియంత్రము, ముక్కుమీది మాస్కు

గురక పెట్టి నిద్రించువానిని చూచి “ఎంత గాఢనిద్ర!” యని మనవారు మెచ్చుకొనుట కలదు. గురక పెట్టువారందరును రోగులు కారు గాని, కొందరి గురకను కొంతసేపు శ్రద్ధగా వినినచో నొక విశేషము తెలియును. గురక క్రమక్రమముగా హెచ్చి యొక్కసారిగా ఆగిపోవును. పది లెక్కపెట్టునంతవరకు, ఒక్కొక్కప్పుడు ముప్పది నలువది లెక్కపెట్టునంతవరకు ఊపిరి వినబడదు. రొమ్మును కడుపును మాత్రము ఎగసిపడుచుండును. పిమ్మట గొంతులో బుస్సుమని శబ్దమై ఊపిరి తిరిగి వచ్చి, గురక మరల మొదలగును. నిద్రించువానికి ఇందులో నేదియు తెలియదు. ప్రక్కన మేలుకొనియుండు భార్యకో తల్లికో తెలియును. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు. దీనికి వాడు యంత్రమును గూర్చియు, దాని మాస్కును అలవాటు చేసికొనుటను గూర్చియు మా విద్యార్థుల తలిదండ్రులలో కొందరు అడిగియుండుటచే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

వ్యాధికారణము తెలిసికొనుట కష్టము కాదు. మేలుకొనియున్నప్పుడు గొంతులోని కండరములు బిగువుగా నుండి గాలిదారిని తెరచియుంచును. నిద్రలో నవి సడలును. దారి సహజముగా ఇరుకైనవారికి, మెడ లావైనవారికి, దవడ చిన్నదైనవారికి ఆ సడలిన గొంతు లోనికి కుంగి, నాలుక వెనుకకు జారి, దారి మూసికొనిపోవును. రక్తమందలి ప్రాణవాయువు తగ్గును. అప్పుడు మెదడు క్షణకాలము మేల్కాంచి కండరములను బిగించగా దారి తెరచుకొనును. మనుష్యుడు మరల నిద్రలో మునుగును. దారి మరల మూసికొనును. ఊపిరి ఆగుటయో మిక్కిలి సన్నగిల్లుటయో గంటకు ముప్పది పర్యాయములు, అంతకు మించి జరిగినచో వ్యాధి తీవ్రమని యెంతురు. ఏడు గంటల నిద్రకు ఈ ముప్పదిని హెచ్చవేసి చూడుడు: 210. రాత్రి యిన్నిమారులు నిద్ర చెడినవాడు పగలు కుర్చీలో కునికిపాట్లు పడుట వింతయా? అట్టివానిని సోమరి యనుట అన్యాయము. తెల్లవారి తలనొప్పి, అధిక రక్తపోటు, వాహనము నడుపుచుండగా కన్ను మూతపడుట, ఇవన్నియు దీని వెంట వచ్చునవే.

1980 వరకు ఈ వ్యాధి మిక్కిలి ముదిరినవారికి వైద్యులు చేయగలిగిన గట్టి చికిత్స మెడ ముందుభాగమున కోసి శ్వాసనాళమునకు రంధ్రము చేయుట. ఆ సంవత్సరము ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమందు కాలిన్ సల్లివన్ అను వైద్యుడు వేరొక ఉపాయము చేసెను. ఆయన అంతకుముందు కెనడా దేశమున టొరాంటోలో కుక్కలు నిద్రించునప్పుడు వాని శ్వాస యెట్లుండునో పరిశోధించినవాడు. మూతికి మాస్కు తొడుగుట ఆయనకు క్రొత్త గాదు. ఇల్లు శుభ్రపరచు వాక్యూము యంత్రములోని మోటారువంటి దానిని తీసికొని, అది గాలిని పీల్చుటకు మారుగా ఊదునట్లు చేసి, గొట్టముద్వారా ఆ గాలిని కోతకు ఇష్టపడని యొక రోగి ముక్కులోనికి పంపెను. గొంతు తెరచుకొనెను. రోగి ఆ రాత్రి గంటలకొలది యెడతెగక నిద్రించెను. 1981లో ఐదుగురు రోగుల వృత్తాంతము లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను. నాటి మాస్కులను ఒక్కొక్కరి ముక్కుకు అచ్చు తీసి చేయవలసివచ్చెను. వానిని ప్రతిరాత్రి సిలికోను జిగురుతో అతికించుకొని తెల్లవారి పెరికివేసికొనవలసియుండెను. నేటి మాస్కును చూచి విసుగుకొనువారు ఆ మొదటి రోగుల నొక్కసారి తలచుకొనవచ్చును.

నేడు దీనిని సీ-ప్యాప్ యంత్రమని పిలుచుచున్నారు. ఇది మన బదులు ఊపిరి తీయదు. ప్రాణవాయువు సిలిండరును కాదు. గదిలోని గాలినే కొంచెము ఒత్తిడితో పంపును. గాలి లేని సైకిలు ట్యూబు చప్పబడి అతుక్కొని యుండుటయు, గాలి కొట్టగానే గుండ్రముగా తెరచుకొనుటయు బాలురందరు చూచినదే. గొంతు సంగతియు నింతే. ఆ ఒత్తిడి యెంతయో తెలియగోరు విద్యార్థి యొక పొడవాటి గ్లాసులో నీరు పోసి, గొట్టమును 10 సెంటిమీటర్ల లోతున ముంచి, బుడగలు వచ్చువరకు ఊదవలెను. అనేక రోగులకు ఇంచుమించుగా నింత ఒత్తిడియే చాలును. మనచుట్టునున్న వాయుమండలపు ఒత్తిడిలో ఇది దాదాపు నూరవవంతు. తగిన ఒత్తిడిని మాత్రము నిద్రను పరీక్షించిన వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇంతవరకు యంత్రము సంగతి. మనుష్యుని సంగతి దీనికంటె కష్టమైనది. మేమెరిగిన యొక కచేరి గుమాస్తాగారు స్కూటరుపై నిద్రవచ్చి కాలువగట్టున పడి, వైద్యునియొద్దకు పోయి, ఈ యంత్రమును కొనితెచ్చుకొనిరి. మొదటి రాత్రియే మాస్కును బిగించి దీపమార్పిరి. అర్ధరాత్రి ఎవరో నోరు మూసినట్లు తోచి లేచి దానిని లాగివేసిరి. మూడు రాత్రులట్లు జరిగిన పిమ్మట యంత్రము బీరువాలో చేరెను. రెండు నెలలు అందే యుండెను. ఆయన పిరికివారు కారు. ఈత రానివానిని ఒకేసారి లోతునీట దింపినట్లయినది, అంతే.

మాస్కును పగటిపూటనే అలవాటు చేసికొనవలెను. మొదట పట్టీలు బిగింపక, మాస్కును చేతితో ముక్కునకు ఆనించుకొని అయిదు నిమిషములు కూర్చుండవలెను. చేతిలో నుండుటచే ఎప్పుడైన తీయవచ్చునను ధైర్యముండును. అది బాగుగా జరిగిన తరువాత యంత్రమును నడిపించి, పట్టీలు వేసికొని, వార్తాపత్రిక చదువుచునో పాటలు వినుచునో అరగంట గడపవలెను. ఆ తరువాత మధ్యాహ్నపు కునుకు. అటుపిమ్మటనే రాత్రి. ఒక మెట్టున భయము కలిగినచో వెనుకటి మెట్టునకు దిగి రెండు దినములుండుట మేలు. గుమాస్తాగారు ఈ విధముగా మూడు వారములలో కుదిరిరి. యంత్రములలో మొదట తక్కువ ఒత్తిడితో ఆరంభించి, నిద్ర పట్టులోపల మెల్లమెల్లగా హెచ్చించు ఏర్పాటు కూడ నుండును. దానిని వాడుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. ఊపిరాడదేమో యను భయమునకు ప్రత్యుత్తరము మాస్కులోనే యున్నది: విడిచిన గాలి వెలుపలికి పోవుటకు దానికి చిన్నచిన్న రంధ్రములుండును. “గాలి పోవుచున్నది” అని వానిని అతుకువేసి మూయువారు కలరు. అట్లెన్నడును చేయరాదు.

మాస్కులు ముఖ్యముగా మూడు తెరగులు: ముక్కును కప్పునవి, ముక్కుపుటములకు మాత్రము ఆనునవి, ముక్కును నోటిని కలిపి కప్పునవి. నోరు తెరచి నిద్రించువానికి మొదటి రెండింటిలో గాలి నోటివెంట పోయి, తెల్లవారునప్పటికి నాలుక అట్టవలె ఎండును. అట్టివారు గడ్డపుపట్టీనో మూడవ తెరగు మాస్కునో అడుగవలెను. కొలత చూచుకొనునప్పుడు కూర్చుండి గాక, పరుండి, యంత్రము నడుచుచుండగా చూచుకొనవలెను; పరుండినప్పుడు బుగ్గల తీరు మారును. గాలి కారగానే పట్టీలను బిగించుట అందరును చేయునదే; దానివలన ముక్కుదూలముపై పుండు పడునేగాని కారుట ఆగదు. మాస్కును ముఖమునుండి కొంచెము పైకెత్తి మరల ఆనించినచో దాని మెత్తని యంచు గాలితో ఉబ్బి సరిగా కూర్చుండును. మన ఇండ్లలో మరియొక చిక్కు కలదు. రాత్రి తలకు నూనె రాచుకొని పరుండు అలవాటున్నచోట ముఖమునకు జిడ్డు చేరి మాస్కు జారును. సబ్బుతో ముఖము కడుగుకొనుటయు, మాస్కు అంచును దినమునకొకసారి తుడుచుటయు దీనికి మందు.

ముక్కు ఎండుచున్నవారికి గాలిని వెచ్చజేసి తడిపెట్టు నీటితొట్టి యంత్రముతో నమరును. అందులో స్వేదనజలము పోయవలెను. బోరునీరు పోసినచో తెల్లని సున్నము పేరుకొనును. చల్లని గదిలో గొట్టమునందు నీరు చేరి గుడగుడలాడినచో నీటితొట్టి వేడిని తగ్గింపవచ్చును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: రాత్రికెన్ని గంటలు? నాలుగు గంటలు అను సంఖ్య వైద్యుల లెక్కలలో కనబడును గాని, అది లెక్కకొరకు పెట్టుకొనిన హద్దేగాని చాలునని చెప్పిన మాట కాదు. కలలు వచ్చు నిద్ర తెల్లవారుజామున హెచ్చుగా నుండును. ఆ నిద్రలో కండరములు మిక్కిలి సడలును గనుక అనేకులకు ఊపిరి అప్పుడే యెక్కువగా ఆగును. రెండు గంటలకు మాస్కు తీసివైచువాడు రాత్రిలోని అపాయకరమైన భాగమునే కాపు లేక విడిచినవాడగును. 2016లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో, గుండెజబ్బో పక్షవాతమో ముందే కలిగియున్న 2,700 మందికి పైగా పాల్గొనిరి. యంత్రము పొందినవారికి గుండెపోట్లు తగ్గినట్లు కనబడలేదు. కాని వారు రాత్రికి సగటున 3.3 గంటలు మాత్రమే వాడిరి. పగటి నిద్రమత్తు మాత్రము వారికి తగ్గెను. యంత్రము గుండెను తప్పక కాపాడునని చెప్పి అమ్మజూపువారిని మేము నమ్మము; పగలు మెలకువగా పనిచేసికొనుట, మార్గమున నిద్రపోకుండుట, ఇవియే చాలినంత గొప్ప లాభములని మా యభిప్రాయము.

విద్యార్థులకొక మాట. మీ తండ్రిగారు మాస్కు ధరించినప్పుడు దానిని ఏనుగు తొండమని నవ్వవచ్చును. మొదటిరోజున ఆయనయు నవ్వును. రెండవరోజున నవ్వినచో అది బీరువాలోనికి పోవుటకు మీరును కారకులగుదురు. పెండ్లివారి విడిదిలో పదిమంది బంధువుల నడుమ పరుండవలసినప్పుడు యంత్రమును ఇంట విడిచిపోవువారు పలువురు. అచ్చట ప్లగ్గున్న మూల నొకటి ఆయనకొరకు ముందే చూచియుంచుట పిల్లలు చేయదగిన పని. పిల్లలలోనే యెవరైన ప్రతిరాత్రియు గురక పెట్టుచు, నోరు తెరచి నిద్రించుచు, తరగతిలో చిరాకుగా నున్నచో తలిదండ్రులు వైద్యునికి చూపవలెను. వారికి తరచుగా కారణము గొంతులో పెరిగిన గడ్డలు. అట్టిచో వానిని తీసివేయుటయే సాధారణముగా మొదటి చికిత్స. యంత్రము అందరికి అవసరము కాదు.

రాత్రి కరెంటు పోయినచో ఏమి చేయవలెనని పలువురు అడుగుచున్నారు. ముక్కుమాస్కు ధరించినవాడు నోరు తెరచి ఊపిరి తీసికొనగలడు. నోటిని కూడ కప్పు మాస్కులలో గాలి ఆగగానే తెరచుకొను చిన్న కవాట ముండును. అయినను ఇంట ఇన్వర్టరున్నచో యంత్రపు ప్లగ్గును దానికి కలిపియుంచవలెను. నీటితొట్టిని వేడిచేయుటకే కరెంటు ఎక్కువగా ఖర్చగును గనుక, ఆ రాత్రులలో దానిని ఆపివేసినచో బ్యాటరీ తెల్లవారువరకు వచ్చుటకు వీలుండును.