టైరు నేర్పిన పాఠము

విద్యార్థులారా! మన జిల్లాలోని సదాశివపేటయందు ఎమ్.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారము కలదని మీరెఱుగుదురు. పటాన్‌చెరు రహదారిపై నడచు లారీల భారమంతయు టైర్లపైననే నిలుచును. టైరు బలహీనమైనచో నేమగునో 2005వ సంవత్సరమున అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జరిగిన ఫార్ములా వన్ పందెము చూపినది.

ఆ పందెపు బాట 1909లో నిర్మింపబడెను. పిమ్మట దానికి ఇటుకలు పఱచిరి. నేటికిని ఆరంభరేఖకడ ఒక గజము మేర ఆ యిటుకలు నిలిచియున్నవి. పదుమూడవ మలుపున బాట యొక ప్రక్కకు వాలియుండును. అచ్చట బండి వేగము తగ్గింపకయే కుడికి తిరుగును. కావున భారము ఎడమ టైర్లపై బడి, వాని ప్రక్కభాగములు నలుగును. జూన్ 17, శుక్రవారమునాటి అభ్యాసమున రాల్ఫ్ షూమాకర్ బండి ఎడమ వెనుక టైరు చెడి, బండి గోడను ఢీకొనెను.

ఏడు జట్లకు టైర్లిచ్చిన మిషెలిన్ వారు, ఆ మలుపున వేగము తగ్గింపనిదే తమ టైర్లకు పూచీపడజాలమని తెలిపిరి. బాట మార్చుటకు అధికారులు సమ్మతింపలేదు. ఆదివారమున పదునాలుగు బండ్లు ఒక్క చుట్టు తిరిగి మరలిపోయెను. వేఱు టైర్లు గల ఆరు బండ్లే 73 చుట్లు పరుగెత్తెను. జోర్డాన్ జట్టునకు మూడవ, నాలుగవ స్థానములు లభించెను. నాలుగవవాడు కోయంబత్తూరునకు చెందిన నారాయణ్ కార్తికేయన్. ఆ పోటీలలో భారతీయుడు పాయింట్లు గడించుట అదియే ప్రథమము.

గెలిచినవారిని మెచ్చుకొందము. కాని తమ సరకులోని లోపమును లోకమెదుట నొప్పుకొని, నష్టమునకోర్చి ప్రాణములు కాపాడినవారిని మఱవరాదు. రేపు మీలో కొందఱు ఈ ప్రాంతపు కర్మాగారములలో సరకును పరీక్షింతురు. అనుమానము కలిగిననాడు “ఆగుడు” అని చెప్పు ధైర్యము మీకుండవలెను.